హన్నా రాయునది ఏమనగా

సంచి సర్దడం మొదలుపెట్టి గంటన్నర అయినా అరుణకుమారికి జిప్పు వేయడానికి చెయ్యి రాలేదు. రెండు నేత చీరలు, తువ్వాలు, బీపీ మాత్రలు, దువ్వెన, చిన్న అద్దం. పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ప్రయాణానికి సర్దిన సంచిలోంచి వస్తువు బయటికి తియ్యకూడదని వాళ్లమ్మ అంటూ ఉండేది. తీసిన వస్తువు ఇంట్లో ఉండిపోతుంది, మనిషి దారిలో ఉండిపోతుంది అనేది. వయసులో ఉన్నప్పుడు ఆ మాటకు నవ్వేది. నెలకు ఇరవై ఊళ్లలో మొహానికి రంగేసుకున్న మనిషి, సవరాలూ పూసల గొలుసులూ పది నిమిషాల్లో పెట్టెలో కుక్కి పరుగున బస్సెక్కిన మనిషి. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లకు ఒక్క గుడ్డసంచి లొంగనంటోంది.

రేపు పొద్దున్న దివిసీమలో ఆమె ఒక ముసలమ్మ వేషంలో మొదటిసారి సినిమా కెమెరా ముందు నిలబడాలి. ఒకప్పుడు కృష్ణా జిల్లా ఊళ్లన్నీ పొట్ట పట్టుకుని నవ్విన ‘వేరే పిల్ల’ నాటకాన్ని ఐశ్వర్య సినిమాగా తీస్తోంది. స్నేహితురాలికి బదులు పెళ్లిచూపుల్లో కూర్చున్న ఒక బీదింటి అమ్మాయి, ఆమెనే అసలు పెళ్లికూతురనుకుని మనసు పారేసుకున్న ఒక అమాయకపు పెళ్లికొడుకు, మధ్యలో నాలుగంకాల తికమక. పూర్తి ప్రతి ఎక్కడా మిగల్లేదు. ఆ రోజుల్లో నాటకం మొత్తం అందరికీ రాసిచ్చేవారు కాదు. ఎవరి మాటలు వాళ్లకు, ఎదుటి మనిషి అందించే ఆఖరి ముక్కతో సహా, విడిగా రాసిచ్చేవారు. దాన్ని పోర్షన్ అనేవాళ్లు. ఐశ్వర్య మూడు నెలలు ఊరూరా తిరిగి, పాత నటుల ఇళ్లలో అటకలు దులిపించి, పోర్షన్‌కు పోర్షన్ అతికించి మూడంకాలు నిలబెట్టింది. నాలుగోది దొరకలేదు. రాసిన ఖుద్దూస్ మాస్టారు, “ఆ ముగింపు పనికిరాదమ్మా, కొత్తది రాసిస్తాను” అన్నారు. ఆ బీదింటి పిల్ల వేషం కట్టిన అరుణకుమారి, “మర్చిపోయాను” అంది.

ఆమె మర్చిపోలేదు. ఆడిన నాటకాలు అరవై, ఇవాళ్టికీ ప్రతి పోర్షనూ నాలుక చివరే ఉంది.

“మామ్మగారూ! సంచి సర్దుతున్నారా, కాపురం మారుస్తున్నారా?”

ఐశ్వర్య గుమ్మంలోంచి తొంగి చూసింది. గుడివాడ పిల్లే. హైదరాబాదులో ఏడేళ్లు టీవీ సీరియళ్లకు మాటలు రాసి రాసి, ఇన్నాళ్లకు సొంతంగా ఒక సినిమా చేతికొచ్చిన పిల్ల. కళ్ల కింద నల్లటి చారలున్నా మొహం వెలిగిపోతోంది.

“అయిపోయిందమ్మా. ఆకాశం చూశావా?”

“మబ్బేగా. మా కెమెరామెన్‌కి మబ్బంటే పండగ.”

“పొద్దున్నుంచీ ఒక్క కాకి అరవలేదు.”

“అరిస్తే చుట్టాలొస్తారంటారు, అరవకపోతే వానొస్తుందంటారు. పాపం వాటినేం చెయ్యమంటారు మామ్మగారూ?”

అరుణకుమారి నవ్వలేదు. జిప్పు లాగి, ఇంటికి తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుంది.

గుడివాడ బస్టాండులో బందరు బస్సు సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాక కండక్టరు వచ్చి, “ఆధార్ కార్డు తియ్యండి మామ్మగారూ, జీరో టికెట్టు కొడతాను” అన్నాడు. కార్డు పట్టుకుని ఫొటో వంకా ఆమె వంకా చూశాడు. “ఇందులో ఉంది మీరేనా అండీ? వీళ్ల కెమెరాకి దయాదాక్షిణ్యం లేదు. మీరిక్కడ హీరోయిన్లా ఉన్నారు.”

“హీరోయినే,” అంది ఐశ్వర్య. “రేపట్నుంచి మళ్లీ.”

బస్సు కదిలింది. గుడ్లవల్లేరు, కవుతరం. రోడ్డుకు రెండు పక్కలా వరి గింజ పాలు పోసుకుని తలలు వంచుతోంది. గాలి లేదు. చేలల్లో ఒక్క ఆకు కదలడం లేదు. బస్సులో ఉన్నట్టుండి ఇద్దరు ముగ్గురి ఫోన్లు ఒకేసారి కీచుమన్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం, చేపలవేటకు వెళ్లరాదు, తీరంలో ఉన్నవాళ్లు అప్రమత్తంగా ఉండండి. చూసినవాళ్లు చూసి జేబుల్లో పెట్టుకున్నారు. పెడన దగ్గర కాలవ గట్టు మీద ఆరేసిన అద్దకం గుడ్డల్ని ఆడవాళ్లు తడితడిగానే చుట్టచుట్టి భుజాలకెత్తుకుని పోతున్నారు. వాళ్ల మోచేతుల వెంట ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. అరుణకుమారి చూపు తిప్పేసుకుంది.

“మామ్మగారూ, మీకొక సంగతి చెప్పనే లేదు,” అంది ఐశ్వర్య ఫోను తెరుస్తూ. “మాస్టారు క్లైమాక్స్ పంపించారు. ప్రొడ్యూసరుగారు చదివి, అదిరింది అన్నారు. వినండి. పెళ్లిపందిరి. అందరూ వచ్చారు, పెళ్లికూతురు రాలేదు. పెళ్లికొడుక్కి ఒక ఉత్తరం అందుతుంది. చదువుతాడు. ఆ పిల్ల ఇంకెవడితోనో వెళ్లిపోయింది. పెళ్లికొడుకు మొదట తనలో తను నవ్వుకుంటాడు. తర్వాత పైకి నవ్వుతాడు. మేళంవాళ్లు నవ్వుతారు, వంటవాళ్లు నవ్వుతారు, పందిరి మొత్తం నవ్వుతుంది. ఆ నవ్వు మీద సినిమా అయిపోతుంది. ఎలా ఉంది?”

“మూడంకాలు ప్రాణం పెట్టిన పిల్ల అలా ఎందుకు పోతుందమ్మా?”

“అదే కదా షాకు! ఇంకో మాట. హీరోయిన్ పేరు మార్చమన్నారు మాస్టారు. హన్నా అని పెట్టమన్నారు. నిజంగా జరిగిందటండీ. ఆ ఉత్తరం కూడా నిజంగా వచ్చిందేనట, ఇవాళ చూపిస్తానన్నారు. ఆఖర్న ఆ కాగితాన్నే తెర మీద వేస్తాం.”

అరుణకుమారి ముందు సీటు కమ్మీ పట్టుకుంది. బస్సు ఊగలేదు. అయినా పట్టుకుంది.

హన్నా.

బందరులో దేవదానం మాస్టారి పెద్దమ్మాయి. ఇరవై రెండేళ్ల వయసులో ముత్యాల్లాంటి దస్తూరీ. ఖుద్దూస్ మాస్టారు నాటకం రాస్తే పోర్షన్లన్నీ కూర్చుని రాసిపెట్టింది ఆమే. రాయగా రాయగా పెళ్లికూతురి దగ్గర్నుంచి పురోహితుడి దాకా అందరి మాటలూ ఆమెకు నోటికొచ్చేశాయి. స్టేజీ ఎక్కడం మాత్రం కల్లో మాట. దేవదానం గారు నాటకం చూడటమే పాపమనే మనిషి. పోర్షన్లు రాసేది కూడా ఆయనకు తెలియకుండానే. అరుణకుమారికి అప్పుడు చదువు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే పట్టేసేది. పోర్షన్ కోసం బందరు వెళ్లినప్పుడల్లా హన్నా పలకా బలపం ముందు పెట్టి, “నా అక్షరం మీదే దిద్దు” అని కూర్చోబెట్టేది. దిద్దగా దిద్దగా ఆమె ‘క’ ఎటు వంగితే ఈమె ‘క’ అటే వంగింది. ఆ పలక ముందే ఒకరోజు హన్నా, “డిసెంబరులో ఖుద్దూస్ గారూ నేనూ రిజిస్టరు పెళ్లి చేసుకుంటున్నాం, ఎవరితోనూ అనకు” అని చెవిలో చెప్పింది.

డిసెంబరు రాకముందే హన్నా కనపడకుండా పోయింది. లేచిపోయిందని బందరు అనుకుంది. దేవదానం గారు ఇంటి బైబిలు మొదటి పేజీలో రాసుకున్న పిల్లల పేర్లలోంచి పెద్దమ్మాయి పేరును సిరాతో కొట్టేశారు. ఆయన పోయారు. హన్నా చెల్లెళ్లున్నారు, వాళ్ల పిల్లలున్నారు. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడల్లా ఆ మాట ఎవరో ఒకరు తవ్వి తీస్తూనే ఉన్నారు.

హన్నా ఎవరితోనూ పోలేదు. ఆ సంగతి ఈ భూమ్మీద అరుణకుమారి ఒక్కదానికే తెలుసు. నలభై ఎనిమిదేళ్లు నోరు మూసుకుంది. ఇన్నాళ్లూ నాలుగు వీధుల్లో తిరిగిన అబద్ధం ఇప్పుడు పేరుతో సహా తెరకెక్కబోతోంది. ఊళ్లూ దేశాలూ కూర్చుని చూసి, హన్నాను చూసి నవ్వుతాయి.

“ఆ పేరు తీసెయ్యమ్మా ఐశ్వర్యా,” అంది.

“కథ మాస్టారిది మామ్మగారూ. ఆయన్నే అడగండి. రేపు క్లాపు కొట్టేది కూడా ఆయనే.”

“ఆయనకు నేను చెప్తే వినరు.”

“హీరోయిన్ చెప్తే వినని రైటరు ఉంటాడా? చూద్దాం పదండి.”

చెప్పితీరాలి. చెబితే రేపటి కెమెరా ఉండదు, మాస్టారింటి గుమ్మం ఉండదు, బహుశా ఈ పిల్ల మామ్మగారూ అని పిలవడం కూడా ఉండదు.

బందరులో ఖుద్దూస్ మాస్టారి ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. ఆయన కూతురు అనీసా తలుపు తీసింది. బడికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నట్టుంది, పైట చెంగున పిండి అంటుకుని ఉంది.

“రండి అత్తా, రండి. పొద్దున్నుంచి నాలుగుసార్లు సందు చివరిదాకా వెళ్లొచ్చారు మీకోసం. ఎనభై ఒక్కేళ్లు అంటే ఎవరూ నమ్మరు.”

మాస్టారు ముందుగదిలో పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. తెల్లటి లాల్చీ, తెల్లటి గడ్డం. కళ్లు మాత్రం ముప్ఫై ఏళ్లవాడివే. ఆ కళ్లలో ఇవాళ ఏదో పండగ ఉంది. అది చూసి అరుణకుమారికి భయమేసింది.

“రా అరుణా. హీరోయిన్ ముసలిదైంది, రైటరు పండిపోయాడు, కథ మాత్రం పచ్చిగానే ఉంది. కూర్చో.”

“మాస్టారూ, ఆ ముగింపు వద్దండీ.”

“అప్పుడే విన్నావా? మంచినీళ్లన్నా తాగవే.”

“పాతదే పెట్టండి. పాతది బాగుంటుంది. జనం లేచి నిలబడేవారు.”

మాస్టారు ఐశ్వర్య వంక తిరిగారు. “ఈవిడ మర్చిపోయానందని కదూ చెప్పావు?”

“గుర్తొచ్చింది,” అంది అరుణకుమారి.

“గుర్తొస్తే చెప్పు.”

ఆమె లేచింది. కూర్చుని పోర్షన్ చెప్పడం ఆమెకు చేతకాదు. చేతులు పొత్తికడుపు దగ్గర కట్టుకుంది, తల కొంచెం వంచింది. ఆ ఒక్క కదలికతో నలభై ఎనిమిదేళ్లు ఊడి కింద పడ్డట్టయి, ఐశ్వర్య నోరు తెరుచుకుని చూసింది.

“అయ్యా, మీరు తాళి కట్టబోయే ముందు ఒక్క మాట. మీరు చూడొచ్చిన పిల్లను నేను కాదు. ఆ పిల్లకు బదులు కూర్చున్నదాన్ని. నా చీర ఆమెది, నా గాజులు ఆమెవి. నావి ఈ రెండు కళ్లే. వాటితోనే మిమ్మల్ని చూశాను.”

“దానికి పెళ్లికొడుకు ఏమంటాడు?” అడిగింది ఐశ్వర్య మెల్లగా.

“‘ఆ సంగతి మొదటిరోజే తెలుసు’ అంటాడు,” అన్నారు మాస్టారు. “వట్టి అబద్ధం. వాడికేం తెలియదు. పిచ్చివెధవ. ముప్ఫై మూడేళ్ల వయసులో ఆ మాట రాశాను, నిజమనుకుని రాశాను. నవ్వుల నాటకానికి అసలు ముగింపు నాకు తర్వాత పోస్టులో వచ్చింది.”

పక్కనున్న ప్లాస్టిక్ కవరులోంచి ఆయన ఒక కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగితే వెనక పల్చటి కాగితం అంటించి ఉంది. అనీసా టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

“మా అమ్మాయి కూడా ఇవాళే చూస్తోంది దీన్ని. దీని అమ్మకు కూడా చూపించలేదు నేను. చదువుతాను విను. నువ్వే చెప్పు, ఇంతకంటే మంచి కామెడీ ఎవడన్నా రాయగలడా.” కళ్లజోడు సర్దుకున్నారు. “మాస్టారికి హన్నా రాయునది ఏమనగా, నేను ఇచ్చట క్షేమం...”

“మీరు అచ్చట క్షేమమని తలుస్తాను,” అంది అరుణకుమారి.

మాస్టారు తలెత్తారు.

ఆమె ఆయన్ను చూడటం లేదు. గోడను చూస్తోంది. చేతులు ఇంకా పొత్తికడుపు దగ్గరే ఉన్నాయి. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు.

“నా కొరకు వెతకవద్దు. నాకు నచ్చినవాడితో దూరదేశం పోతున్నాను. మీరు నన్ను మంచిదాన్ని అనుకున్నారు, అది మీ మంచితనం. మా నాన్నగారికి ఎదురుపడి చెప్పే ధైర్యం లేదు గనక మీరే చెప్పవలెను. మీరు రాసే నవ్వుల నాటకంలో ఇదొకటి అనుకుని నవ్వుకోండి. ఇట్లు, హన్నా.”

బయట ఎవరిదో రేకు తలుపు గాలికి ఒకసారి కొట్టుకుని ఆగింది. పొద్దున్నుంచీ అదే మొదటి గాలి.

“నీకెలా తెలుసు?” అన్నారు మాస్టారు. పెదాలు మాత్రమే కదిలాయి. “ఎప్పుడు చదివావు దీన్ని?”

“చదవలేదండీ.”

“మరి?”

“రాశాను.”

అనీసా కప్పుల పళ్లేన్ని అక్కడే గచ్చు మీద పెట్టేసి నిలబడింది.

“కూర్చో,” అన్నారు మాస్టారు.

“నిలబడే చెప్తానండీ. కూర్చుంటే చెప్పలేను.”

చెప్పింది. ఊళ్లలో కుర్రాళ్లు తామే నాటకం నేర్చుకుని, హీరోయిన్‌ను మాత్రం బయటినుంచి పిలిపించుకునే రోజులవి. హీరోయిన్ ఒక్కతే తన పెట్టెతో బస్సు దిగేది, వేషం కట్టేది, తెల్లారి వెళ్లిపోయేది. అటువంటి డేట్లు రెండు ఒకే శనివారానికి ఒప్పుకుంది అరుణకుమారి. ఒకటి గుడివాడలో, నాటక పోటీలు. జడ్జీలొస్తారు, ఉత్తమనటి బహుమతి ఉంది. రెండోది దివిసీమలో ఒక లంక ఊరు. నాగాయలంక రేవులో పడవెక్కాలి. అక్కడి కుర్రాళ్లు ‘వేరే పిల్ల’ మొత్తం ప్రతిని మాస్టారి దగ్గరే తీసుకెళ్లి నేర్చుకున్నారు. కరపత్రాలు కూడా వేసేశారు, ‘కథానాయిక: గుడివాడ అరుణకుమారి’ అని.

“రాలేనని కబురు పెట్టేదాన్నే మాస్టారూ. హన్నా వద్దంది. ‘నీ బదులు నేనెళ్తా. పోర్షన్ కూడా అక్కర్లేదు నాకు. ఒక్కసారి రంగేసుకుని చూస్తాను. లంకల్లో నన్నెవరు గుర్తుపడతారు, నీ పేరే చెప్పుకుంటాలే’ అంది. ఇంట్లో గుడివాడలో ఏదో ఇంటర్వ్యూ అని చెప్పింది. మీకు చెప్పొద్దంది. తిరిగొచ్చాక మీ ముందు నాలుగంకాలూ ఆడి చూపించి మిమ్మల్ని నివ్వెరపోయేలా చెయ్యాలంది. శుక్రవారం మధ్యాహ్నం అవనిగడ్డ బస్సెక్కించింది నేనే.”

“ఏ శుక్రవారం?” అంది ఐశ్వర్య.

“డెబ్భై ఏడు ఉప్పెన ముందు రోజు,” అంది అనీసా.

ఐశ్వర్య అప్పటికి పుట్టలేదు. అయినా కృష్ణా జిల్లాలో పుట్టిన పిల్లకు ఆ శనివారం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చేత్తో నోరు మూసుకుంది.

“గుడివాడలోనూ ఆ రోజు తెర లేవలేదు,” అంది అరుణకుమారి. “రంగేసుకుని కూర్చున్నాను. పందిరి ఎగిరిపోయింది. వారం తర్వాత పేపర్లో నా పేరు వేశారు, నాటకానికొచ్చిన నటి కూడా కొట్టుకుపోయిందని. కరపత్రంలో ఉన్నది నా పేరే కదా. నేను వీధిలో కనపడితే అందరూ వాటేసుకుని ఏడ్చారు. హారతిచ్చారు. నువ్వు వెళ్లకపోతే మరి వేషం కట్టడానికి ఎవరెళ్లారే అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు మాస్టారూ. అడిగితే అప్పుడే చెప్పేసేదాన్ని. ఆ లంకలో చెప్పడానికి మనిషి మిగల్లేదు.”

మాస్టారు ఉత్తరం వంక చూస్తున్నారు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూస్తున్నారు.

“పది రోజులకు దేవదానం గారు మా గుమ్మంలోకొచ్చారు. గొడుగు కూడా లేదు. ‘మా అమ్మాయి నీ దగ్గరకేమన్నా వచ్చిందా’ అన్నారు. రాలేదన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. ఆయన అరుగు మీద కూలబడి, ‘ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు’ అన్నారు. బతికుందనుకుంటే చాలు గదా అనిపించింది నాకు. మర్నాడు రాశాను. బెజవాడ స్టేషన్‌లో డబ్బాలో వేశాను. రాయడం నేర్పింది ఆవిడే. నా జన్మలో నేను రాసిన మొదటి ఉత్తరం అది.”

“బతికుందని రాస్తే సరిపోయేదిగా,” అన్నారు మాస్టారు. “నచ్చినవాడితో అని ఎందుకు రాశావు?”

“అలా రాయకపోతే మీరు వెతుకుతారు కదండీ.”

మసీదులో అజాన్ మొదలైంది. అది అయ్యేదాకా మాస్టారు కళ్లు మూసుకున్నారు. తెరిచాక ఆ కళ్లలో ఇందాకటి పండగ లేదు. కోపం కూడా లేదు. కోపం ఉంటే బాగుండునని అరుణకుమారికి అనిపించింది.

“ఆవిణ్ణి తిట్టుకోకుండా అన్నం తిన్న రోజు లేదు నాకు,” అన్నారు. “నీకు తెలుసా?”

“తెలుసండీ.”

“ఆ ఊళ్లో స్టేజీ ఎక్కడ వేశారు?”

“నాకు తెలియదు మాస్టారూ. నేను వెళ్లలేదు గదా. ఆనాటినుంచి ఈనాటిదాకా పులిగడ్డ దాటి దివిసీమలో అడుగు పెట్టలేదు.”

“సాయంత్రానికే గాలి మొదలైందన్నారు. రంగు వేసుకుని ఉంటుందంటావా? అంతవరకన్నా జరిగి ఉంటుందా?”

అంతవరకూ రాతిబొమ్మలా నిలబడ్డ అరుణకుమారి అక్కడే గోడకు చేరబడి కిందికి జారిపోయింది. అనీసా వచ్చి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి మెత్తగా లేదు, విదిలించుకోనూ లేదు.

మాస్టారు ఉత్తరాన్ని మడతలవెంట మడిచి కవరులో పెట్టకుండా లాల్చీ జేబులో పెట్టుకున్నారు. లేచారు. “అమ్మాయ్ ఐశ్వర్యా, నేను రాసిన ఆ క్లైమాక్స్ చింపెయ్.”

“చింపేస్తాను తాతగారూ. పాతదే తీస్తాం. మామ్మగారు ఇప్పుడు చెప్పిందే.”

“పాతదీ కాదు. పాతదాంట్లో పెళ్లికొడుకు అన్నీ తెలిసినవాడు.” చేతికర్ర అందుకున్నారు. “దీని ముగింపు నాకింకా తెలియదు. నేనొచ్చి చెప్తాను. అప్పటిదాకా ముట్టుకోకు.”

“ఎక్కడికి అబ్బాజాన్?” అంది అనీసా.

“నమాజు వేళైంది గదే.”

“మాత్రలేసుకుని వెళ్లండి.”

“వచ్చి వేసుకుంటాను. అరుణకు అన్నం పెట్టు. పొద్దున్నెప్పుడో బయల్దేరి ఉంటుంది.”

టోపీ పెట్టుకున్నారు. గుమ్మం దాటుతూ ఒకసారి ఆగి, అరుణకుమారి వంక చూశారు. ఏదో అంటారనుకుంది. అంటే బాగుండునని చెయ్యి కూడా చాపింది. ఆయన చెప్పులు వేసుకుని సందులోకి దిగారు. కర్ర చప్పుడు మసీదు మలుపుదాకా వినపడింది.

అన్నాలు వడ్డించిన పళ్లేలు అలాగే ఉండిపోయాయి. రెండైంది. రెండున్నరైంది. అనీసా ఫోను చేస్తే అది దిండు కింద మోగింది. మూడు గంటలకు పక్కింటి నదీం బట్టల కొట్టు నుంచి వచ్చాడు. “పెద్దాయన ఇవాళ నమాజుకు రాలేదే అక్కా, ఒంట్లో బాలేదా?” అన్నాడు. “సందు చివర ఆటో ఎక్కడం చూశాను. బస్టాండుకేమో అనుకున్నా.”

బస్టాండులో విచారిస్తే, అవనిగడ్డ బస్సు డ్రైవరు వెనక సీట్లో తెల్లటి లాల్చీ పెద్దాయన ఒకరు కూర్చున్నారని చెప్పారు. కిటికీ మూసుకోమంటే మూసుకోలేదట. అవనిగడ్డలో దిగిన సినిమా యూనిట్‌కు ఐశ్వర్య ఫోన్ చేసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. అటువైపు గాలి హోరులో మేనేజరు అరుస్తున్నాడు. ముహూర్తం వాయిదా అన్నాడు, వాన మొదలైందన్నాడు. మాస్టారు అక్కడికి రాలేదన్నాడు. నాగాయలంక రేవుకు మనిషిని పంపించారు. రేవులో పడవలు ఆపేసి అప్పటికి గంట అయింది. ఆఖరి పడవలో అవతలికి ఒక ముసలాయన దాటాడని రేవువాళ్లు చెప్పారు. లంకలో చుట్టాలున్నారా అని అడిగితే, ఉన్నారు, చాలాకాలంగా చూడలేదు అన్నాడట.

అనీసా నదీం బండి వెనకెక్కి, బురఖా కూడా సరిగా వేసుకోకుండా అవనిగడ్డ బయల్దేరింది. ఐశ్వర్య కారు కోసం పరుగెత్తింది. ఆ ఇంట్లో అరుణకుమారి ఒక్కతే మిగిలింది. వీధి తలుపు గాలికి తెరుచుకుంటే లేచి వేసింది, మళ్లీ ఆయన వస్తే తట్టాల్సి వస్తుందని తీసి పెట్టింది. ఆ తలుపును అలా ఎన్నిసార్లు తీసిందో, ఎన్నిసార్లు వేసిందో.

ఖుద్దూస్ మాస్టారు తిరిగి రాలేదు. ఆయన ఇంట్లోంచి వెళ్లింది 2025 నవంబరు ఆరో తేదీ, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటకు.